ఉప్పెనకు లెక్క కట్టిన దేశంలో

నెదర్లాండ్స్‌లో ఆఫ్‌స్లౌట్‌డైక్ మీద ఈశాన్యంగా పోతుంటే ఎడమచేతి వైపు వాడెన్ సముద్రం, కుడిచేతి వైపు ఐసెల్‌మేర్ మంచినీటి సరస్సు. రెండింటి మధ్య మనుషులు పోసిన 32 కిలోమీటర్ల కట్ట. కృష్ణా కరకట్ట మీద పెరిగిన నాకు కట్టలు కొత్త కాదు. కానీ మా కట్టకు ఒక పక్క ఏరుంటే రెండో పక్క అరటి తోటలు, తాటిచెట్లు, ఊళ్ళు ఉంటాయి. ఎంత దూరం నడిచినా ఎవరో ఒకరు ఎదురొచ్చి "ఎటు బయల్దేరావ్" అని అడుగుతారు. ఇక్కడ రెండు పక్కలా నీళ్ళే, మీద ఆగని గాలి. సముద్రం వైపు నీళ్ళు బూడిద రంగులో బరువుగా కదులుతున్నాయి. సరస్సు వైపు అలలు పొట్టిగా, తొందరతొందరగా ఉన్నాయి. లోతు తక్కువైన నీటి మీద గాలి అలాగే ఆడుతుందని మా అన్నయ్య కూతురు చెప్పింది. డెల్ఫ్ట్‌లో తీరప్రాంతాల సిమ్యులేషన్ పని చేసే పిల్ల. కారు నడుపుతున్నంతసేపూ కళ్ళు రోడ్డు మీదే ఉన్నా మనసు మాత్రం నీళ్ళ మీదే ఉంది.

1932 మే 28న ఈ కట్టలో ఆఖరి గండి పూడ్చారు. అక్కడొక బురుజుంది. ఈ కట్టకు రూపమిచ్చిన ఇంజనీరు కోర్నెలిస్ లేలీ విగ్రహం కూడా ఉంది. నేను ఇంత దూరం వచ్చింది మాత్రం ఇంకొకాయన కోసం. కట్ట ఉత్తరపు కొస దగ్గర, కొర్న్‌వెర్డర్‌జాండ్‌లో పడవలు దాటే లాకులకు హెండ్రిక్ లోరెంట్జ్ పేరు పెట్టారు. 1902లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఆయన. ఎలక్ట్రాన్ల గురించి ఆలోచించే మనిషికి లాకులతో ఏం పని?

1916 జనవరిలో ఇక్కడ వరద వచ్చింది. ఆ తర్వాత జౌడర్‌జే అనే ఈ లోపలి సముద్రాన్ని మూసెయ్యాలని దేశం తీర్మానించింది. మూస్తే పోటు ఎటు పోతుందన్నది ఫ్రీస్లాండ్ తీరం వాళ్ళ భయం. లోపలికి పోవాల్సిన నీరు కట్టకు తగిలి వెనక్కి తిరిగితే, తమ కట్టల దగ్గర తుఫాను నీరు ఎంత పెరుగుతుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతకమని 1918లో లోరెంట్జ్‌ను ఒక కమిటీకి అధ్యక్షుడిగా పెట్టారు. నివేదిక 1926లో వచ్చింది. కంప్యూటర్ లేని కాలంలో, కాగితం మీద చేసిన సిమ్యులేషన్ అది. నీటికీ అడుగుకూ మధ్య రాపిడి వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ వర్గం ఉన్నంతసేపూ సమీకరణం చేతిలెక్కకు లొంగదు. ఒక పూర్తి పోటుపాటులో రాపిడికి ఖర్చయ్యే శక్తి మారకుండా చూసుకుని, వర్గం స్థానంలో సులువైన రాపిడిని పెట్టాడాయన. తీరాన్ని కాలువల అల్లికగా విడదీసి ఒక్కొక్క కాలువకూ లెక్క కట్టించాడు. ముందు అప్పటికే కొలిచి ఉన్న ఆటుపోట్లు తన లెక్కలో వస్తాయా అని చూసుకున్నాడు. వచ్చాకే, ఇంకా లేని కట్టను లెక్కలో పెట్టాడు. పోటు పెరుగుతుందని తేలింది. ఫ్రీస్లాండ్ కట్టలు ఎత్తు పెంచాలని చెప్పాడు. 1928లో చనిపోయాడు కాబట్టి కట్ట మూసిన రోజు చూడలేదు. మూశాక కొలిస్తే లెక్క నిలబడింది.

లాకుల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఉన్నదాన్ని ముందు సరిగ్గా చెప్పగలిగితేనే లేనిదాని గురించి మాట్లాడే హక్కు వస్తుందన్న ఆ పద్ధతి మీద నాకు గౌరవం కలిగింది. ఆ యాత్రంతా నా వెంట వచ్చింది అదే.

మధ్యాహ్నం రేవు పక్కన కిబ్బెలింగ్ తిన్నాం. పిండిలో ముంచి వేయించిన చేప ముక్కలు, పక్కన వెల్లుల్లి వేసిన తెల్లటి సాస్. తోడుగా తెచ్చుకున్న కార్నెమెల్క్ మజ్జిగే. చిక్కగా, పుల్లగా ఉంది, ఉప్పు లేదు. ఉప్పు అడిగితే కొట్టు ఆవిడ ఎందుకని ఆశ్చర్యపోయింది. మా ఊళ్ళో ఎలా తాగుతామో చెప్పాను. తనూ ఒక చిటికెడు వేసుకుని రుచి చూసి, బాగాలేదని మొహం మీదే చెప్పింది. ఇక్కడి వాళ్ళు నచ్చకపోతే నచ్చలేదంటారు. అందులో కోపం ఉండదు, నవ్వుతూనే అంటారు. మా వైపు అతిథి ఇచ్చింది బాగాలేదనడానికి నోరు రాదు. ఈ ముక్కుసూటితనం ప్రయోగశాలల్లో ఏ పనికొస్తుందో తర్వాత అర్థమైంది.

అక్కడి నుంచి దక్షిణంగా నోర్డోస్ట్‌పోల్డర్‌కు వెళ్ళాం. ఒకప్పటి సముద్రం అడుగు ఇది. ఇప్పుడు గోధుమ చేలు, బంగాళదుంప చేలు, తిన్నగా గీసినట్టున్న మురుగు కాలువలు. మార్క్‌నెస్సె పక్కన అడవిలో వాటర్‌లోప్‌బోస్ ఉంది. డెల్ఫ్ట్ జలపరిశోధనాశాల వాళ్ళు 1950ల నుంచి 1990ల దాకా ఇక్కడ చెట్ల మధ్య రేవులకు, నదీముఖాలకు చిన్న నమూనాలు కట్టారు. పోల్డర్ పక్క కాలువ కంటే కొన్ని మీటర్లు పల్లంలో ఉంది. అందుకని పంపులు అక్కర్లేకుండానే నీళ్ళు వచ్చి, నమూనాలగుండా పారి, పోయేవి. లాగోస్ రేవు, బ్యాంకాక్ రేవు, ఈ దేశపు ఐమౌడెన్ రేవు, అన్నీ ఈ అడవిలో పుట్టాయి. వాళ్ళు వదిలి వెళ్ళాక నాచు పట్టింది. ఇప్పుడు కాంక్రీటు తీరాల మీద ఫెర్న్ మొక్కలు, అలలు పుట్టించిన యంత్రాల మీద తుప్పు. బాట మీద ఎదురైన ముసలి దంపతులు పలకరించి, ఆ మడుగులో కప్పలున్నాయి చూడండని చూపించి వెళ్ళారు.

ఒక నమూనా గట్టు మీద కూర్చుని చిన్నబొమ్మలో ఉన్న చిక్కేమిటో మా అమ్మాయి చెప్పింది. పొడవులు నూరో వంతుకు కుదిస్తే అలలను నడిపే గురుత్వానికి తగినట్టు కాలం పదో వంతు అవుతుంది. పన్నెండున్నర గంటల పోటుపాటు గంటంపావులో అయిపోతుంది. అంతవరకూ బాగానే ఉంది. ఇసుకనూ నూరో వంతుకు కుదిస్తే అది ఇసుకగా మిగలదు, బంకమట్టిలా అంటుకుపోతుంది. నీటి జిగట మాత్రం నమూనాలోనూ అంతే, సముద్రంలోనూ అంతే. పెద్ద నదిలో సుడులు తిరిగే నీళ్ళు బొమ్మలో బద్ధకంగా పోతాయి. నీళ్ళకు సరిపోయిన కొలత ఇసుకకు సరిపోదు. "నీళ్ళొక్కటే కావాలంటే బొమ్మ చాలు బాబాయ్. నీళ్ళు ఇసుకను కోస్తే, కోసిన ఇసుక మళ్ళీ నీళ్ళ దారి మారిస్తే, అప్పుడేం చేస్తావ్?" అంది.

మల్టీఫిజిక్స్ అనే పని అక్కడే మొదలవుతుంది. ప్రకృతిలో ఏ సూత్రమూ ఒంటరిగా పనిచెయ్యదు. గాలి నీటిని నెడుతుంది. లోతు మారితే అల వంగుతుంది. అల విరిగినచోట ప్రవాహం పుడుతుంది, ప్రవాహం ఇసుకను మోస్తుంది, ఇసుక మేట వేస్తే లోతు మళ్ళీ మారుతుంది. బ్యాటరీలో కరెంటు, వేడి, రసాయన చర్య ఇలాగే ఒకదాన్నొకటి నడిపిస్తాయి. గుండె కవాటంలో రక్తం, కణజాలం కూడా అంతే. విడివిడిగా లెక్కించి చివర్లో కూడితే సమాధానం తప్పుతుంది. ప్రతి అడుగులోనూ ఒకదాని ఫలితం రెండోదానికి అందుతుండాలి.

డెల్ఫ్ట్ ఊరు కాలువలతో, వంగిన వంతెనలతో, ఇంటి ముందు ఆనించిన సైకిళ్ళతో ముచ్చటగా ఉంటుంది. సాయంత్రం ఇళ్ళ కిటికీలకు తెరలు వెయ్యరు. లోపల దీపం కింద తింటున్న కుటుంబం వీధిలోకి కనిపిస్తుంది. మా అమ్మాయి గదిలో కందిపప్పు, దోసకాయ, నెయ్యి. స్టవ్ మీద అన్నం ఉడుకుతుండగా కంప్యూటర్ తెరిచి గ్రిడ్ చూపించింది. సముద్రాన్ని గళ్ళుగళ్ళుగా కోశారు. లోతు వేగంగా మారేచోట చిన్న గళ్ళు, లోసముద్రంలో పెద్దవి. నాకు వెంటనే మా వరిమళ్ళు తోచాయి. ఒక మడిలోంచి గండి కొట్టి వదిలిన నీరే పక్క మడిలోకి వస్తుంది, చుక్క కూడా మధ్యలో మాయం కాదు. లెక్కలోనూ అదే నియమం: ఒక గడి పోగొట్టుకున్న నీరు, ఇసుక, ఉప్పు పక్క గడికి జమ కావాలి. ఆమె వాడే డెల్ఫ్ట్3డి ప్రోగ్రాంలో ప్రవాహం, అలలు, ఇసుక కదలిక ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. డెల్టారెస్ సంస్థ 2011లో దాని ముఖ్యభాగాల మూలకోడ్‌ను అందరికీ వదిలేసింది. డెల్టాల్లో బతికేవాళ్ళంతా వాడుకోవచ్చన్నమాట. ఆ మాట విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ డెల్టారెస్ పాత జలపరిశోధనాశాలకు వారసురాలు. ఆ శాలను 1927లో నెలకొల్పిన టైస్సె, లోరెంట్జ్ కమిటీలో పనిచేసిన ఇంజనీరే. కాగితపు లెక్క చేసిన మనిషి కాగితంతో ఆగక నీళ్ళ తొట్టె కట్టాడు. ఆ సంప్రదాయం ఇప్పటికీ అలాగే ఉంది. 2015లో ఇక్కడ తెరిచిన డెల్టా ఫ్లూమ్ 300 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, తొమ్మిదిన్నర మీటర్ల లోతున్న కాలువ. ఒక కొసన పెద్ద గోడ ముందుకూ వెనక్కూ కదిలి నాలుగున్నర మీటర్ల అలలు పుట్టిస్తుంది. కట్టల మీద ఉన్న పచ్చగడ్డిని మట్టితో సహా కోసి తెచ్చి ఇందులో పెట్టి అలలతో కొట్టిస్తారు. 2018లో విల్లో చెట్లను వరుసగా నాటి, అల వాటి గుండా వెళ్ళాక ఎంత తగ్గుతుందో కొలిచారు. కొమ్మ ఎంత వంగుతుంది, ఆకు ఎంత అడ్డుపడుతుంది అన్నవి సమీకరణంలోకి వెళ్ళాలంటే ముందు నిజం చెట్టును నిజం అలకు ఎదురు నిలబెట్టాలి. కృష్ణా ముఖద్వారంలో మడ అడవుల వెనక బతికే వాళ్ళ బంధువుగా నేను ఆ చెట్ల సంగతి ఎంత వివరంగా అడిగానో! సాంకేతిక నిపుణుడొకాయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. మధ్యలో అక్కడే ఉన్న పెద్ద శాస్త్రవేత్త చెప్పినదాన్ని "కాదు, అలా జరగలేదు" అని సరిదిద్దాడు. పెద్దాయన తల ఊపి సరిదిద్దుకున్నాడు. లెక్కను నమ్మాలంటే దాన్ని కాదనగలిగే మనిషి పక్కనే ఉండాలి. మన కార్యాలయాల్లో ఈ ఒక్క మర్యాద వస్తే చాలా కట్టలు గట్టిపడతాయని నా నమ్మకం.

తీరం వెంట హేగ్‌కు దక్షిణాన ఇసుక మోటర్ చూశాం. 2011లో 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను తీరం నుంచి కొక్కెంలా సముద్రంలోకి పోసి వదిలేశారు. అలలూ గాలీ దాన్ని ఏళ్ళ తరబడి పక్క తీరాలకు పంచాలని ఆలోచన. పొయ్యకముందే ఆ పంపకం ఎలా ఉంటుందో సిమ్యులేషన్‌లో నడిపి చూశారు. అనుకున్నదానికంటే ఇసుక నెమ్మదిగా కదిలింది, ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుందని ఇప్పుడు అంటున్నారు. గాలిపటాలు ఎగరేసేవాళ్ళ మధ్య నడుస్తూ ఉప్పాడను తలుచుకున్నాను. సముద్రం ఊరిని మింగుతూ వస్తున్న ఆ తీరంలో రాళ్ళు పోస్తూనే ఉన్నారు, కోత ఆగడం లేదు.

రోటర్‌డామ్ రేవుకు కాపలా ఉండే మాస్లాంట్ అడ్డుకట్ట ముందు మాటలు రాలేదు. 360 మీటర్ల జలమార్గానికి రెండు వైపులా రెండు ఉక్కు తలుపులు, ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు, 22 మీటర్ల ఎత్తు. మామూలు రోజుల్లో ఒడ్డున పొడి రేవుల్లో పడుకుని ఉంటాయి. తుఫాను వస్తే రేవుల్లోకి నీళ్ళు వదులుతారు. తలుపులు తేలి, నది మధ్యకు వచ్చి, తమలో నీళ్ళు నింపుకుని మునుగుతాయి. వాటి చేతుల మొదట్లో పది మీటర్ల వ్యాసం, 680 టన్నుల బరువున్న ఉక్కు గోళాలున్నాయి. తలుపుకు ఒక దిక్కుకే తిరిగే బందులు పెడితే సరిపోదు. తేలేటప్పుడు అలలకు ఊగుతుంది, మునిగేటప్పుడు వాలుతుంది, కాబట్టి గోళం కావాలి. తలుపు కింద సన్నబడిన సందులోంచి నీరు దూసుకుపోయి అడుగును కోసే ప్రమాదం ఉంటుంది. సముద్రపు నీరు తోస్తుంటే వెనక నదినీరు పెరుగుతుంది. తేలడం, మునగడం, ఉక్కు వంగడం, అడుగు కోసుకోవడం, అన్నీ ఒకే రాత్రి ఒకదాని మీద ఒకటి పడతాయి. రోటర్‌డామ్ దగ్గర నీరు 3 మీటర్లు దాటుతుందని అంచనా వస్తే మూసే నిర్ణయం కంప్యూటరే తీసుకుంటుంది. తలుపులు 1997 నుంచి ఉన్నాయి. 2023 డిసెంబర్ 21న ఆ కంప్యూటర్ మొదటిసారి నీటిమట్టం చూసి తనంతట తానే మూయించింది.

అక్కడి నుంచి జేలాండ్. పల్లపు నేల, దానికంటే ఎత్తున పోయే కాలువలు, గొర్రెలు మేసే కట్టలు. దాల్చినచెక్క పాకంలో చుట్టిన బోలుస్ అనే రొట్టె, ఉడికించిన మస్సెల్స్ అనే ఆల్చిప్పలు. ఒక చిప్పను పట్టకారుగా పట్టుకుని మిగతావి తినాలని పక్క బల్ల మీది పెద్దాయన లేచి వచ్చి నేర్పించాడు.

ఔవర్‌కెర్క్‌లో 1953 వరద మ్యూజియం ఉంది. జనవరి 31 రాత్రి వాయవ్య తుఫాను పెద్ద పోటుతో కలిసి, ఈ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఆ ఊరి గండిని నవంబర్ 6న, అంటే తొమ్మిది నెలలకు, నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలు ముంచి పూడ్చారు. మ్యూజియం ఆ పెట్టెల్లోపలే ఉంది. చల్లగా, మసకగా, నేల మీద ఇసుకతో. పోయినవాళ్ళ పేర్లు చదువుతూ నడిచాను. కట్టలు పొట్టిగా ఉన్నాయని ముందే హెచ్చరించిన ఇంజనీరు యోహాన్ వాన్ వేన్ పేరు ఇక్కడ గౌరవంగా తలుస్తారు. నీటిమట్టాన్ని ఓల్టేజిగా, ప్రవాహాన్ని కరెంటుగా తీసుకుంటే ఆటుపోట్లను విద్యుత్తు తీగల్లో నడిపి చూడొచ్చని 1930ల్లోనే ఆలోచించాడు. ఆ ఆలోచనతో కట్టిన డెల్టార్ అనే యంత్రం 1960 నుంచి 1984 దాకా ఈ దేశపు పోటులను తీగల్లో పారించింది.

మ్యూజియంలో సేవ చేసే ఒక పెద్దావిడ ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. కృష్ణా డెల్టా అన్నాను. 1977 నవంబర్ 19 సంగతి చెప్పాను. దివిసీమలో వేలమంది ఒక్క రాత్రిలో పోయారని, మా ఇళ్ళల్లో ఇప్పటికీ వయసులూ పెళ్ళిళ్ళూ ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని లెక్కపెట్టుకుంటారని చెప్పాను. అయ్యో అనలేదు. "మీ ఇంట్లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి?" అని అడిగింది. చూరు దాకా అని మా నాన్న చెప్పేవాడన్నాను. "ఏ చూరు? నేలమట్టం నుంచి ఎంత? ఎవరైనా రాసిపెట్టారా?" ఆమె గొంతులో ఆరా కంటే ఆత్మీయతే ఎక్కువ ఉంది. హుక్ వాన్ హాలండ్ దగ్గర 1953లో నీరు 3.85 మీటర్లకు చేరిందని ఇక్కడి పిల్లలు కూడా చెప్పగలరు. ఆ ఒక్క సంఖ్య మీద, ఇంకా ఎంత పెరగొచ్చన్న గణితం మీద, అక్కడి కట్టలకు 5 మీటర్ల ప్రమాణం వచ్చింది.

ఓస్టర్‌షెల్డె అడ్డుకట్టతో యాత్ర ముగిసింది. 65 స్తంభాలు, 62 ఉక్కు తలుపులు, 1986 అక్టోబర్‌లో ప్రారంభం. మొదట పూర్తిగా మూసేద్దామనుకున్నారు. మస్సెల్, ఆయిస్టర్ పట్టేవాళ్ళూ పర్యావరణం కోరేవాళ్ళూ పోరాడితే, మామూలు రోజుల్లో తెరిచి ఉండే కట్టగా మార్చారు. తలుపుల కింద పోటు ఉరకలేస్తుంటే స్తంభాల మీద చెయ్యి వేసి ఆ వణుకు విన్నాను. ఇలా తెరిచి ఉంచినా పోటు ప్రవాహం కొంత తగ్గింది. తుఫాను అలలు కోసిన ఇసుకను మళ్ళీ మెట్టల మీదికి మోసే బలం నీటికి చాలక, లోపల పాటు దిగినప్పుడు బయటపడే ఇసుక మేటలు కరుగుతున్నాయి. పక్షులు మేసే చోటు తగ్గుతోంది. నీటికి ఇచ్చిన జవాబు ఇసుకకు కొత్త ప్రశ్న అయింది. వాళ్ళు దాన్ని దాచలేదు. ఏటా కొలుస్తున్నారు, అక్కడక్కడ ఇసుక పోసి చూస్తున్నారు. ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతున్న మన కృష్ణా ఒండ్రు గురించి ఇంత బాహాటంగా మనం ఎప్పుడు మాట్లాడుకుంటాం? కాటన్ దొర కాలం నుంచి నీటి లెక్కలు మన దగ్గర గట్టిగానే ఉన్నాయి. ఒండ్రు లెక్కకే ఇంటింటా చర్చ లేదు.

మన దగ్గర సిమ్యులేషన్ లేదని కాదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ బంగాళాఖాతం తుఫాన్లకు ఉప్పెన ఎత్తును ఆడ్‌సర్క్ మోడల్‌తో ముందే లెక్కగడుతుంది. పోలవరం స్పిల్‌వేకు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నీళ్ళ నమూనా కట్టి చూశారు. 1977లో ఇన్‌కాయిస్ లేదు, ఆడ్‌సర్క్ కూడా లేదు. ఇప్పుడు తుఫాను ముందు జనాన్ని తరలిస్తున్నారంటే ఆ లెక్కల పుణ్యం అందులో ఉంది. ఆ పనిచేసేవాళ్ళకు నా దండం.

తిరిగి వచ్చేముందు మా అమ్మాయి ఒక పని అప్పజెప్పింది. తన తీరిక వేళల్లో నిజాంపట్నం అఖాతానికి గ్రిడ్ గీసి 1977 ఉప్పెనను మళ్ళీ నడుపుతోంది. లోతు తక్కువైన ఆ అఖాతం లోపలికి వంగి ఉండటం వల్ల నీరు ఎలా పోగుపడిందో చూడాలని. తెర మీద నీరు వస్తోంది. అది నిజంగా వచ్చిన నీరేనా అని చెప్పేవాళ్ళు కావాలి. "నీళ్ళు ఎంతదాకా వచ్చాయో అక్కడ ఎవరినైనా అడుగు బాబాయ్. ఇంటి పేరొద్దు, గోడ చూపిస్తే చాలు. అప్పుడు నేల ఎక్కడుందో, ఇప్పుడు ఎంత మెరక చేశారో కూడా అడుగు" అంది.

అప్పటి నుంచి అవనిగడ్డ, నాగాయలంక వైపు ఊళ్ళు తిరుగుతున్నాను. పాత లస్కరొకాయన లాకు గోడ మీద తను అప్పట్లో చెక్కిన గీత చూపించాడు. ఒకామె గుడి అరుగు చూపించి, నీళ్ళు దానిమీద తన మెడ దాకా వచ్చాయంది. అప్పుడు తన వయసు పదకొండన్నది కూడా రాసుకున్నాను, ఎత్తు అంచనా కట్టడానికి. ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఇంటికి రెండు ఎత్తులు చెప్పారు. రెండూ పంపాను. లస్కర్ గీత మోడల్‌కు దగ్గరగా ఉందట, గుడి అరుగు దగ్గర మోడల్ తక్కువ చూపిస్తోందట. ఆ ఊరికి పడమర అప్పట్లో ఒక మురుగు కాలువ ఉండేదేమో కనుక్కోమని రాత్రి ఫోన్ చేసింది. ఉండేది, తర్వాత పూడ్చారని అక్కడి రైతులు చెప్పారు. కాలువ వెడల్పు మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఎదురుమొండి, నాచుగుంట వైపు ఇంకా వెళ్ళలేదు. పడవ దాటి పోవాలి. అక్కడ ఉప్పెనను చూసినవాళ్ళు చాలా పెద్దవాళ్ళయ్యారు, కాబట్టి ఈ వర్షాలు మొదలవ్వకముందే వెళ్తాను.